దొంగ ఎవరో తొందరపడి చెప్పవద్దు

ఇంటిలో బంగారు కమ్మ కనబడలేదు. మొట్టమొదట ఎవరి పేరు వినబడుతుంది? అంట్లు తోమడానికి వచ్చే అమ్మాయి పేరు. చేనిలో మోటారు వైరు కోసుకొని పోయినారు. అప్పుడు ఎవరి పేరు వినబడుతుంది? ఇరవై ఏండ్ల కిందట ఒక్కసారి పట్టుబడి, శిక్ష అనుభవించి వచ్చినవాని పేరు. కమ్మ రెండు రోజుల తరువాత బియ్యపు డబ్బాలో దొరకవచ్చును. ఆ అమ్మాయి పోగొట్టుకొన్న మంచి పేరు మాత్రము ఏ డబ్బాలోను దొరకదు.

ప్రియ చదువరులారా, ఈ నెల మేము డిటెక్టివ్ కథలను గురించి వ్రాస్తున్నాము. "సంఘ పత్రికలో ఈ కథలేమిటి?" అని కొందరు పెద్దలు ముఖము చిట్లించవచ్చును. బడి పిల్లలు పాఠ్యపుస్తకము మధ్యలో దాచుకొని చదివినవి, అమ్మలు చూచి పొయ్యిలో పెట్టినవి ఈ పుస్తకములే గదా! అయినను ఓపికతో వినవలెనని మనవి. మేము చెప్పదలచినది ఒక్కటే. మంచి డిటెక్టివ్ కథను పదిమంది కూర్చుండి నెమ్మదిగా చదువుకొంటే, తోటి మనిషి మీద నింద వేయకముందు ఆగి ఆలోచించే అలవాటు వస్తుంది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములోని కుటుంబములు ఇట్టి చదువరి కూటమును ఎట్లు నడుపుకొనవచ్చునో చివరిలో చెప్తాము.

మనకు కొత్త విద్య కాదు

నేరము ఎవరు చేసినారో బుద్ధితో కనిపెట్టే కథలు మన ఊళ్లలో ఎప్పటినుండో ఉన్నాయి. మర్యాద రామన్న కథలు వినని తెలుగు ఇల్లు ఉన్నదా? పేదరాసి పెద్దమ్మ దగ్గర నలుగురు కలిసి సొమ్ము దాచి, నలుగురము కలిసి వస్తేనే ఇవ్వమని చెప్పిపోతారు. వారిలో ఒకడు మాయ చేసి సొమ్ము పట్టుకొని పారిపోతాడు. మిగిలిన ముగ్గురు పెద్దమ్మను నిలదీస్తారు. రామన్న ఏమి తీర్పు చెప్పినాడు? "నలుగురు కలిసి వస్తేనే గదా ఇవ్వవలసినది. ఆ నాలుగవవానిని తీసికొని రండి, పెద్దమ్మ ఇస్తుంది" అన్నాడు. అందరు ముసలమ్మ మీద అరుస్తున్న వేళ, ఆమె ఒప్పుకొన్న మాట ఏమిటో ఆయన ఒక్కడే జ్ఞాపకము చేసికొన్నాడు.

అచ్చు పుస్తకముగా ఈ కథారీతి పడమటి దేశములలో మొదలైనది. అమెరికా రచయిత ఎడ్గార్ ఆలన్ పో 1841లో వ్రాసిన కథను మొదటి డిటెక్టివ్ కథ అని చాలమంది ఎంచుతారు. బ్రిటిష్ వైద్యుడు ఆర్థర్ కానన్ డాయిల్ 1887లో షెర్లాక్ హోమ్స్‌ను లోకమునకు పరిచయము చేసినాడు. తెలుగులో ఈ రకపు నవలలకు గొప్ప పేరు తెచ్చినవారు కొమ్మూరి సాంబశివరావుగారు (1926–1994). ఆయన సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్‌ను, సహాయకుడు రాజును ఒక తరము ఇంటి మనుషులవలె ఎరిగియుండినది. చిన్న పట్టణములలో పుస్తకములు అద్దెకిచ్చే అంగళ్లు ఉండేవి. రోజుకు కొన్ని పైసలిచ్చి తెచ్చుకొన్న ఒక్క నవలను తిరిగి ఇచ్చేలోపల ఇంటిల్లిపాది చదివేవారు.

అన్ని నవలలు ఒక రకము కావు. తుపాకులు, తన్నులాటలు, గూఢచారుల సాహసములు నిండినవి వేరు. ఆనవాళ్లు ఒక్కొక్కటే చూపించి, "చెప్పు, ఎవరు చేసియుందురు?" అని చదువరిని అడిగేవి వేరు. మేము మాట్లాడుతున్నది ఈ రెండవ రకము గురించి.

పెద్దబాతు దాచిన నీలిమణి

ఒక ఉదాహరణ చూతాము. కానన్ డాయిల్ 1892లో క్రిస్మస్ దినములను గురించి ఒక హోమ్స్ కథ వ్రాసినాడు. లండనులోని ఒక గొప్ప హోటలులో ఒక దొరసాని నీలిమణి పోతుంది. ఆ గదిలో పొయ్యి కమ్మీ అతకడానికి వచ్చిన పనివాడు ఒకడు ఉంటాడు. అతడు అంతకుముందు ఒక దొంగతనములో శిక్ష పడినవాడు. ఇంకేమి కావలెను? పోలీసులు అతనిని పట్టుకొంటారు. అతని ఒంటి మీద మణి దొరకలేదు, అతని గదిలో దొరకలేదు. అయినను పాత శిక్ష ఒక్కటే చాలినది. కోర్టులో అతడు సొమ్మసిల్లి పడిపోతాడు.

ఇటు ఒక పెద్దబాతును పండుగ విందుకు కోస్తే దాని మేతసంచిలో ఆ మణి బయటపడుతుంది. (పెద్దబాతుకు కోడికి ఉన్నట్టి మేతసంచి ఉండదని తరువాతి చదువరులు రచయితను పట్టుకొన్నారు. కోళ్లను పెంచే మన తల్లులు ఉండియుంటే ఆనాడే చెప్పియుందురు!) ఆ బాతు ఎక్కడిది, ఎవరు పెంచినారు, ఎవరు అమ్మినారు అని హోమ్స్ ఒక్కొక్క మెట్టే వెనుకకు నడిచి అసలు దొంగను చేరుతాడు. ఆ దొంగ ఎవరనుకొన్నారు? పనివాని మీద సాక్ష్యము చెప్పిన హోటలు ఉద్యోగియే. మంచి బట్టలు, మంచి ఉద్యోగము, మర్యాదగల మాట. అతనిని ఎవరును అనుమానించలేదు.

ఈ కథలో కూటమునకు పనికివచ్చే ప్రశ్న ఇంకొకటి ఉన్నది. దొంగ ఏడ్చి కాళ్ల మీద పడగానే హోమ్స్ అతనిని పోలీసులకు అప్పగింపక వదిలిపెడతాడు. ఇది క్షమించే కాలమని అతని అభిప్రాయము. చేసినది సరియా? తప్పు ఒప్పుకొన్నవానిని విడిచిపెట్టడము దయ అవుతుందా, న్యాయము తప్పడము అవుతుందా? నింద మోసిన ఆ పనివానికి ఎవరు ఏమి చెల్లించినారు? మూడు తరముల వారు ఒకచోట కూర్చుంటే ఈ ఒక్క ప్రశ్న మీద సాయంకాలమంతయు గడిచిపోతుంది.

వజ్రముల సీమకు తగిన కథ

తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి పొలములలో జనము తలలు వంచుకొని వజ్రముల కొరకు వెదకడము మన ప్రాంతపువారందరికి తెలిసినదే. రాయి దొరికినవాడు బయటికి చెప్పడు. దొరకనివాని మీద దొరికినదని పుకారు పుడుతుంది. ఆ పుకారుతో అన్నదమ్ములు విడిపోయే ప్రమాదము, కూలివాని మీద చేను యజమానికి అనుమానము రేగే ప్రమాదము ఎప్పుడును ఉన్నది.

అట్టి మన సీమకు సరిగా సరిపోయే నవల ఒకటి ఉన్నది. విల్కీ కాలిన్స్ అనే ఆంగ్ల రచయిత 1868లో ప్రచురించిన "ది మూన్‌స్టోన్". చంద్రకాంతమని చెప్పుకొనవచ్చును. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయిన నాడు ఒక ఆంగ్ల సైనికాధికారి అక్కడ హత్య చేసి దోచిన పచ్చని వజ్రము ఇంగ్లండులోని ఒక ఇంటికి చేరుతుంది. అక్కడ ఒక రాత్రి మాయమవుతుంది. వజ్రము, అది పోయిన ఇల్లు కల్పితములే గాని శ్రీరంగపట్టణపు యుద్ధము కల్పితము కాదు. ఆ మరుసటి ఏడే, 1800లో, నిజాము ఆదోనితో సహా దత్త మండలములను కంపెనీకి అప్పగించినాడు.

ఇంటిలో వజ్రము పోగానే ఎవరి మీద చూపు పడినది? ఒకటి, ఆ వజ్రమును తిరిగి గుడికి చేర్చవలెనని వచ్చిన ముగ్గురు హిందూ దేశస్థుల మీద. రెండు, రోసన్నా అనే పనిపిల్ల మీద. ఆమె మునుపు దొంగతనము చేసి జైలుకు పోయి, బుద్ధి మార్చుకొని ఈ ఇంటిలో పనికి కుదిరినది. కొత్త ముఖము, పాత తప్పు. మన ఊరి లెక్కయే ఆ దేశములోను! అసలు నిజము ఏమిటో మేము ఇక్కడ చెప్పము. చదువుకొనేవారి ఆనందమును పాడుచేయడము న్యాయము కాదు. ఈ మాత్రము చెప్తాము: లోకము దృష్టిలో ఎవరు మంచివారు, ఎవరు చెడ్డవారు అని వేసికొన్న లెక్క పుస్తకము ముగిసేసరికి నిలువదు.

ఈ నవలకు మరియొక విశేషము ఉన్నది. కథను ఒక్కరు చెప్పరు. ఇంటి పెద్ద పనివాడు, ఒక బంధువురాలు, ఒక వకీలు, ఒక వైద్యుని సహాయకుడు, ఇట్లు ఒక్కొక్కరు తాము కన్నులార చూచినంతవరకే చెప్పవలెనని కట్టడి ఉన్నది. విన్న సంగతి, ఊహించిన సంగతి కలుపరాదు. పంచాయితీలో కూర్చుండే పెద్దలకు ఇంతకంటె మంచి పాఠము ఏమున్నది?

ఒక పాదిరిగారి కుమారుని కథ

ఇంతవరకు చెప్పినవి కల్పిత కథలు. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన సంగతి.

షాపూర్జీ ఎదల్జీగారు బొంబాయి పార్సీ. క్రైస్తవుడై ఇంగ్లండు వెళ్లి, 1876 నుండి స్టాఫర్డ్‌షైరులో గ్రేట్ వైర్లీ అనే పల్లె సంఘమునకు పాదిరిగా ఉన్నారు. గనుల పని, సేద్యము చేసికొనే ఊరు అది. ఆంగ్లేయుల సంఘమునకు భారతదేశపు కాపరి! ఆ ఊరిలో కొందరికి ఇది మింగుడుపడలేదు. సంవత్సరముల తరబడి ఆ ఇంటికి ఆకాశరామన్న ఉత్తరములు వచ్చేవి. పెద్ద కుమారుడు జార్జి న్యాయవాది అయినాడు. నెమ్మదస్థుడు. త్రాగుడు లేదు. రైలు ప్రయాణికుల హక్కులను గురించి ఒక చిన్న పుస్తకము కూడ వ్రాసినాడు.

1903లో ఆ చుట్టుపట్ల రాత్రివేళ ఎవరో గుర్రములను, పశువులను కత్తితో కోసి చంపసాగినారు. ఆగస్టులో ఒక గనిగుర్రము ఇట్లే పడిపోయినప్పుడు పోలీసులు జార్జిని పట్టుకొన్నారు. ఆ రాత్రి అతడు తండ్రితో ఒకే గదిలో నిద్రించినాడు, గది తలుపునకు తాళము వేసియుండినది. పాదిరిగారు ఈ సాక్ష్యము చెప్పినను వినలేదు. అతని కోటు మీద గుర్రపు వెంట్రుకలు ఉన్నవన్నారు. అయితే ఆ కోటును, చచ్చిన గుర్రపు చర్మపు ముక్కను ఒకే కట్టగా తీసికొని వెళ్లినారు. ఉత్తరములు అతని చేతివ్రాతయే అని ఒక నిపుణుడు చెప్పినాడు. జార్జి జైలులో ఉండగానే మరల పశువులు గాయపడినవి. అయినను అతనికి ఏడేండ్ల కఠిన శిక్ష పడినది. అది సరికాదని పదివేల మంది సంతకము చేసి పంపిన అర్జీయు పనిచేయలేదు. మూడేండ్ల తరువాత, 1906లో, నిర్దోషి అన్న మాట లేకుండనే విడుదల చేసినారు. వృత్తి పోయినది, పేరు పోయినది.

అప్పుడు అతడు షెర్లాక్ హోమ్స్ కథలు వ్రాసిన కానన్ డాయిల్‌కు ఉత్తరము వ్రాసినాడు. ఇద్దరు ఒక హోటలులో కలిసికొనవలెనని అనుకొన్నారు. డాయిల్ కొంత ఆలస్యముగా వచ్చి దూరమునుండి చూస్తే, జార్జి వార్తాపత్రికను కన్నుల దగ్గరకు తెచ్చి, కొంచెము పక్కకు త్రిప్పి చదువుతున్నాడు. డాయిల్ కంటి వైద్యము నేర్చినవాడు. ఇంత తక్కువ చూపుగలవాడు అర్ధరాత్రి చీకటిలో, పోలీసుల కాపలా మధ్య, రైలు పట్టాలు, కంచెలు దాటి పొలములోనికి వెళ్లి, గుర్రమును కోసి తిరిగి రాగలడా? అంతకుముందు ఈ ప్రశ్నను న్యాయస్థానములో ఎవరును గట్టిగా అడుగలేదు. డాయిల్ ఊరికి వెళ్లి నేల చూచినాడు. జార్జి బూట్ల మీద మట్టి ఆ పొలపు మట్టి కాదని చెప్పినాడు. 1907 జనవరిలో పత్రికలో వ్యాసములు వ్రాసి, ఎవరైనను ఉచితముగా తిరిగి ముద్రించుకొనవచ్చునని అనుమతించినాడు.

దేశమంతా అలజడి లేచినది. ఆ ఏడే ప్రభుత్వము జార్జికి క్షమాపణ ఇచ్చినది గాని నష్టపరిహారము ఒక్క పౌను కూడ ఇవ్వలేదు. న్యాయవాద వృత్తి అతనికి తిరిగి దొరికినది. నేర విచారణలలో అప్పీలు వినడానికి ఇంగ్లండులో 1907లోనే ప్రత్యేక న్యాయస్థానము ఏర్పడినది. అట్టిది కావలెనని ప్రజలకు తోపించిన కేసులలో ఇది ఒకటి. జార్జి ఎదల్జీ 1953 వరకు జీవించినాడు.

ఈ కథకు ఒక తోక ఉన్నది, అదియు మనకు కావలసినదే. జార్జిని విడిపించిన డాయిల్, అసలు నేరస్థుడు ఇతడే అని వేరొక మనిషిని ప్రభుత్వమునకు చూపించినాడు. ఆ మనిషి మీద చూపిన ఆధారములు చాలలేదు. ఒక నిందను కన్నులు తెరిచి చూచినవాడే ఇంకొక నిందను వేయడానికి తొందరపడినాడు! హోమ్స్‌ను సృష్టించినవానికే ఇట్లు జరిగితే మనమెంత?

అంజనము పనికిరాదు

మన పల్లెలలో సొమ్ము పోతే కొందరు పోలీసుల దగ్గరకంటె ముందు అంజనము వేసేవాని దగ్గరకు పోతారు. బొటనవ్రేలి గోటి మీద కాటుక రాసి, చిన్న పిల్లవానిని చూడమంటారు. వాడు భయముతో ఏదో ఒక పోలిక చెప్తాడు. ఆ పోలికకు సరిపోయే మనిషి బ్రతుకు అంతటితో తెల్లారినట్లే.

ఇంగ్లండులో రోనాల్డ్ నాక్స్ అనే కతోలిక పాదిరి డిటెక్టివ్ కథలు వ్రాసేవాడు. ఆయన 1929లో ఇట్టి కథలకు పది నియమములు పెట్టినాడు. అందులో ముఖ్యమైనవి వినండి. మానవాతీత శక్తులతో నేరము తేల్చరాదు. నేరస్థుడు కథ మొదటి భాగములోనే కనబడవలెను. డిటెక్టివ్‌కు దొరికిన ఆనవాలు చదువరికి వెంటనే చూపవలెను. దేవుని సేవలో ఉన్న మనిషి, దయ్యమును పట్టుకొని వచ్చి దొంగను చూపవద్దు అంటున్నాడు. బుద్ధిని దేవుడే ఇచ్చినాడు గదా, దానిని వాడుకొనవలెను.

నాక్స్ కంటె ముందే జి.కె. చెస్టర్‌టన్ ఫాదర్ బ్రౌన్ అనే పొట్టి పాదిరిని డిటెక్టివ్‌గా పెట్టి కథలు వ్రాసినాడు. మొదటి సంపుటి 1911లో వచ్చినది. ఈ పాదిరిగారి దగ్గర భూతద్దము లేదు. మనుష్యుల ఒప్పుకోలు విని విని, పాపము ఎట్లు పుడుతుందో ఎరిగినవాడు. దొంగ తనకంటె వేరు జాతివాడు అని ఎన్నడును అనుకొనడు. ఆయన మొదట పట్టించిన గజదొంగ తరువాతి కథలలో మారుమనస్సు పొంది ఆయనకు స్నేహితుడవుతాడు.

పాదిరిగారి కుమార్తె అయిన రచయిత్రి డొరతీ సేయర్స్ 1928లో డిటెక్టివ్ కథల పెద్ద సంకలనము ఒకటి తెచ్చినది. అందులో ప్రాచీన కథలుగా చేర్చినవాటిలో సూసన్న కథ ఒకటి. అది మన బైబిలులో లేని అపోక్రిఫ గ్రంథములలోనిది. ఇద్దరు పెద్దలు ఒక నిరపరాధి స్త్రీ మీద అబద్ధ సాక్ష్యము చెప్తారు. యౌవనుడైన దానియేలు ఇద్దరిని వేరువేరుగా నిలిపి, "ఏ చెట్టు క్రింద చూచితివి?" అని అడుగుతాడు. ఒకడు ఒక చెట్టు పేరు, రెండవవాడు ఇంకొక చెట్టు పేరు చెప్తాడు. అంతే, నిజము బయటపడినది.

మన బైబిలులోనే చూడండి. యోసేపు చరిత్రలో మూడుసార్లు వస్తువు అబద్ధము చెప్పినది. మేక రక్తములో ముంచిన అంగీని చూచి యాకోబు, దుష్టమృగము తన కుమారుని చంపినదని నమ్మినాడు. ఆ అంగీ మీద పంటి గాటు ఉన్నదా అని ఎవరును చూడలేదు. పోతీఫరు భార్య చేతిలోని వస్త్రమును చూచి యజమాని యోసేపును చెరసాలలో వేయించినాడు. బెన్యామీను గోనెలో వెండి గిన్నె దొరికినది గాని బెన్యామీను దొంగ కాడు. వస్తువు దొరికినది అన్నంత మాత్రమున సరిపోదు, అది అక్కడికి ఎట్లు వచ్చినదని కూడ అడుగవలెను. మొదట మాట్లాడినవాని మాట న్యాయముగానే తోచుననియు, రెండవవాడు వచ్చి ప్రశ్నించిన తరువాతనే సంగతి తేలుననియు సామెతల గ్రంథము 18వ అధ్యాయము కూడ మనలను హెచ్చరిస్తున్నది.

ప్రాణము మీదికి వచ్చే సంగతి

ఇవన్నియు కథల సంగతులు గదా అని తేలికగా తీసికొనవద్దు. 2018 జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లా రెయిన్‌పాడ అనే గ్రామములో వారపు సంత జరుగుతున్నది. సంచార జాతికి చెందిన ఐదుగురు మనుష్యులు అక్కడికి వచ్చినారు. పిల్లలను ఎత్తుకొని పోయే ముఠాలు తిరుగుతున్నాయని అప్పటికే సెల్‌ఫోనులలో పుకారు పాకియుండినది. గుంపు వారిని పట్టుకొని గ్రామపంచాయతి గదిలో వేసి కొట్టి చంపినది. వారు బిడ్డలను ఎత్తుకొని పోయేవారు కారు. పొట్ట కొరకు ఊరూర తిరిగేవారు. ఆ నెలలోనే వాట్సాప్ సంస్థ భారతదేశములో ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపకుండ కట్టడి పెట్టినది. ఫోనుకు కట్టడి పెట్టవచ్చును. నోటికి, చేతికి కట్టడి ఎవరు పెట్టవలెను?

మన ప్రాంతమువారికి ఇది మరి దగ్గరి సంగతి. వానలు లేని ఏట కోసిగి, పెద్దకడుబూరు, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలనుండి ఎన్ని కుటుంబములు మూట కట్టుకొని గుంటూరు మిరప చేలకు, బెంగుళూరు కట్టడముల పనులకు వలసపోతున్నవి! అక్కడ మనమే కొత్త ముఖములము. అక్కడ ఏదైనను పోతే మన బిడ్డ పేరే ముందు వినబడుతుంది. పరాయి ఊరిలో మన బిడ్డను ఎట్లు చూడవలెనని కోరుకొంటామో, మన ఊరికి వచ్చిన పరాయివానిని అట్లే చూడవలెను గదా.

కూటము నడిపే విధము

పుస్తకము చదువురానివారికి చదివి వినిపించవలెనన్న ఆశయము మన కర్నూలుకు కొత్త కాదు. 1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయ ఉద్యమమునకు, వయోజన విద్యకు ఎంతో పాటుపడినారు. చదువరి కూటము ఆ దారిలోనిదే. దీనికి భవనము అక్కరలేదు. ఒక పుస్తకము, ఒక దీపము, పదిమంది మనుష్యులు చాలు.

కాలము: సుగ్గి పనులు, పత్తి తీతలు జరిగే దినములలో ఎవరికిని తీరిక ఉండదు. వలస వెళ్లినవారు ఉగాదికి తిరిగి వస్తారు. ఉగాది మొదలు తొలకరి వరకు ఆదివారము సాయంకాలములు అనుకూలము. ఎమ్మిగనూరు మగ్గముల వారికైనను, ఆదోని పత్తి మార్కెట్టు హమాలీలకైనను వారములో గంటన్నర దొరుకుతుంది.

పుస్తకము: హోమ్స్ చిన్న కథలు తెలుగులో దొరుకుతాయి. ఒక్క కూర్పులో ముగిసే కథతో మొదలుపెట్టండి. శాఖా గ్రంథాలయములో అడగండి. పెద్దవారు ఎవరైనను ముందుగా చదివి, పిల్లల యెదుట చదువదగినదో కాదో చూచుకొనవలెను. పాత ఆంగ్ల కథలలో మన దేశస్థులను గూర్చి చులకన మాటలు అక్కడక్కడ ఉంటాయి. వాటిని దాటవేయక, అవి ఎందుకు తప్పో కూటములోనే మాట్లాడుకొనండి.

చదివే పద్ధతి: పదవ తరగతి చదివే అమ్మాయియో అబ్బాయియో బిగ్గరగా చదవవలెను. అవ్వలు, తాతలు వినవచ్చును. ఆదోని వైపు కన్నడము, ఉర్దూ ఇంటిభాషలుగా గలవారికి పక్కవారు మధ్యమధ్య చెప్పవచ్చును. ముఖ్యమైన నియమము ఒకటి: నిజము బయటపడే చివరి పుటలకు ముందు పుస్తకము మూయవలెను. అప్పుడు ఒక్కొక్కరు తమకు ఎవరి మీద అనుమానమో చెప్పవలెను. చెప్పిన ప్రతివారు ఆధారము చూపవలెను. "వాని ముఖము చూస్తే తెలుస్తున్నది" అన్నది ఆధారము కాదు.

పలక మీద మూడు గీతలు: ఒక పలక తీసికొని మూడు భాగములు చేయండి. మొదటిదానిలో "చూచినది", రెండవదానిలో "విన్నది", మూడవదానిలో "ఊహించినది" అని వ్రాయండి. కథలోని ప్రతి సంగతిని దాని స్థానములో వ్రాయండి. మొదటి భాగములో ఎంత తక్కువ మిగులుతుందో చూచి మీరే ఆశ్చర్యపడతారు. నాలుగవ ప్రశ్న కూడ ఒకటి అడగండి: జరుగవలసియుండి జరుగనిది ఏమిటి? హోమ్స్ కథలలో ఒకదానిలో రాత్రి పందెపు గుర్రము మాయమైనప్పుడు కొట్టము దగ్గరి కుక్క మొరగలేదు. మొరగకపోవడమే ఆనవాలు. వచ్చినవాడు కుక్కకు తెలిసినవాడు! ఈ సంగతి పట్టణపు చదువరికంటె పల్లెలోని గొర్రెల కాపరికి ముందు తడుతుంది. అక్షరము రాని మనిషి కూటములో అందరికంటె చురుకైన డిటెక్టివ్ కావచ్చును.

చివరి మెట్టు: కథ ముగిసిన తరువాత ఈ మూడు ప్రశ్నలు అడుగుకొనండి. మనము మొదట ఎవరిని అనుమానించితిమి? ఎందుకు? అతడు నిర్దోషి అని తేలినప్పుడు మనకు సంతోషము కలిగినదా, లేక మన ఊహ తప్పినదని చిన్నతనము కలిగినదా? మూడవ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పడమే అన్నిటికంటె కష్టము.

కథలో తప్పుగా అనుమానించితే ఎవరికిని నష్టము లేదు. పుటలు త్రిప్పితే నిర్దోషి విడుదలవుతాడు. ఊరిలో అట్లు కాదు, అక్కడ త్రిప్పడానికి పుటలు ఉండవు. అందుచేతనే తప్పులేవో కథలోనే చేసి, అక్కడే నేర్చుకొని రావడము మేలు. రేపు మీ ఇంటిలో ఏదైనను వస్తువు కనబడకపోతే, ఎవరి పేరైనను నోటికి రాకముందు ఆ పలకను క్రిందికి దింపండి. "చూచినది" అన్న గడిలో ఏమున్నదో మొదట చదువుకొనండి. అక్కడ ఏమియు లేకపోతే, బియ్యపు డబ్బా ఇంకొకసారి వెదకండి.